నోటీసులు చాలు, వెతికే దారి చూపిద్దాం

ఏ యూనివర్సిటీ లైబ్రరీ ఫేస్‌బుక్ పేజీ అయినా తెరిచి కిందికి జరుపుతూ వెళ్ళండి. సెలవు ప్రకటన, పనివేళల మార్పు, కొత్తగా వచ్చిన పుస్తకాల అట్టల ఫొటో, ఏదో దినోత్సవ శుభాకాంక్షలు, వర్క్‌షాప్ పోస్టర్, మళ్ళీ సెలవు ప్రకటన. చాలా పేజీలు ఇంతే. ఆ భవనంలో రోజంతా జరిగే అసలు పని అందులో కనిపించదు. ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చి "ఈ టాపిక్ మీద ఏమీ దొరకట్లేదండీ" అంటే పక్కన కూర్చోబెట్టుకుని, పదాలు మార్చి, డేటాబేస్ మార్చి, కాసేపట్లో పనికొచ్చే పేపర్లు తీసి చూపించే పని అది. ఆ పనే మా వృత్తి. దాన్నే మేం బయట ఎవరికీ చూపించడం లేదు.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. అక్కడుండే చెబుతున్నాను. మా దగ్గర ఉండే జ్ఞానం రెండు రకాలు. ఒకటి అలమరల్లో, డేటాబేస్‌లలో ఉంటుంది. దాన్ని కేటలాగ్ చూపిస్తుంది. రెండోది మా అనుభవంలో ఉంటుంది: ఎక్కడ వెతకాలి, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మాలి, డబ్బు కట్టకుండా చట్టబద్ధంగా ఎలా చదవాలి. ఇది మాత్రం మా డెస్క్ దాకా వచ్చినవాళ్ళకే అందుతోంది. బిడియపడేవాళ్ళు రారు. దూరవిద్యలో చదివేవాళ్ళు రాలేరు. ఇలాంటివి లైబ్రేరియన్‌ని అడగొచ్చని తెలియనివాళ్ళే వీళ్ళందరి కంటే ఎక్కువ. సోషల్ మీడియాతో మాకు నిజంగా ఏదైనా ప్రయోజనం ఉంటే, ఈ రెండో రకం జ్ఞానాన్ని వాళ్ళ ఫోన్ దాకా తీసుకెళ్ళడమే. సెలవు ప్రకటనకి వెబ్‌సైట్ సరిపోతుంది.

మాటల్లో చెబితే ఇది గాల్లో తేలినట్టు ఉంటుంది కాబట్టి ఒక ప్రశ్నని దగ్గరగా చూద్దాం. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక యూనివర్సిటీ లైబ్రరీల్లో ఒక కొత్త రకం విన్నపం మొదలైంది. విద్యార్థి ఒక రిఫరెన్స్ లిస్టు తెచ్చి "ఈ పేపర్ ఎక్కడా దొరకడం లేదు, తెప్పించి పెడతారా" అని అడుగుతారు. చూస్తే రచయిత ఆ రంగంలో పనిచేసే మనిషే. జర్నల్ కూడా నిజమైనదే. సంపుటి, సంచిక, పేజీ నంబర్లు అన్నీ పద్ధతిగా ఉంటాయి. పేపర్ మాత్రం లోకంలో లేదు. ఏఐ టూల్ దాన్ని అల్లేసింది. విద్యార్థి మోసం చేయాలనుకోలేదు. దొరకని పేపర్ కోసం అప్పటికే రెండు రోజులు తిరిగి, టెన్షన్ పడి, తనకే వెతకడం రాదేమో అనుకుని మా దగ్గరికి వచ్చారు.

దీన్ని తేల్చడానికి మేం చేసేది పెద్ద పనేమీ కాదు. రిఫరెన్స్‌లో డీఓఐ ఉంటే, అంటే 10తో మొదలయ్యే ఆ గుర్తింపు సంఖ్య ఉంటే, దాన్ని డీఓఐ డాట్ ఆర్గ్‌లో కొడతాం. అసలు తెరుచుకోకపోయినా, తెరుచుకుని ఇంకెవరిదో పేపర్ కనిపించినా అనుమానించాల్సిందే. డీఓఐ లేకపోతే జర్నల్ సొంత సైట్‌కి వెళ్ళి, ఆ సంపుటి విషయసూచిక తీసి, ఆ పేజీల్లో ఏముందో చూస్తాం. చాలాసార్లు అక్కడ వేరే వ్యాసం ఉంటుంది. లేదా ఆ సంచికలో అన్ని పేజీలే ఉండవు. ఆఖరుగా, రచయితకి ఓర్కిడ్‌లో, అంటే పరిశోధకులు తమ గుర్తింపు సంఖ్యతో తమ పేపర్లు నమోదు చేసుకునే చోట, ప్రొఫైల్ ఉంటే అందులో ఆ శీర్షిక ఉందో లేదో చూస్తాం. ప్రొఫైల్‌లో లేనంత మాత్రాన పేపర్ లేదని తేల్చేయలేం, అందరూ అన్నీ నమోదు చేసుకోరు. కానీ మిగతా రెండు చోట్లా దొరక్క, ఇక్కడా కనిపించకపోతే ఇక సందేహం అక్కర్లేదు.

ఇదే పనిని మూడు స్క్రీన్‌షాట్లతో, నాలుగు వాక్యాలతో పోస్ట్ చేయొచ్చు. విద్యార్థి పేరు, డిపార్ట్‌మెంట్, టాపిక్ ఏవీ రాకూడదు. ప్రశ్నని సాధారణం చేసి, ఉదాహరణగా పెట్టే రిఫరెన్స్ కూడా మార్చేయాలి. అడిగినవాళ్ళ వివరాలు బయటపెట్టకపోవడం మా వృత్తిలో మొదటి మర్యాద. సోషల్ మీడియాలోకి వచ్చినంత మాత్రాన అది మారదు. ఇలాంటి పోస్ట్ ఒకటి విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్ళిందంటే, డెస్క్ దగ్గర ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే జవాబు ఒకేసారి వందల మందికి చేరుతుంది. పాఠకుడి సమయం ఆదా చేయాలని మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే సూత్రంగా రాసిపెట్టారు. మా వృత్తిలో చేరిన ప్రతివాళ్ళూ పరీక్షకి బట్టీపట్టే అయిదు సూత్రాల్లో అది నాలుగోది. దాన్ని ఇంత తేలిగ్గా అమలు చేసే అవకాశం ఇంతకుముందు మాకు రాలేదు.

"వెతికే దారి" అని నేను పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. జవాబు మాత్రమే ఇస్తే అది ఆ ఒక్క ప్రశ్నకే పనికొస్తుంది. 2020లో జరిగింది గుర్తు చేసుకోండి. మే 22న లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక పెద్ద పరిశీలన వచ్చింది. 671 ఆసుపత్రులు, 96 వేల మందికి పైగా రోగుల రికార్డులు అని రాశారు. ఆ మందు వాడిన కోవిడ్ రోగుల్లో మరణాలు ఎక్కువ అని తేల్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందు భాగాన్ని కొద్ది రోజులు ఆపేసింది కూడా. ఆ రికార్డులు ఇచ్చిన సర్జిస్ఫియర్ అనే సంస్థ స్వతంత్ర తనిఖీకి వాటిని చూపించలేకపోయింది. దాంతో జూన్ 4న ఆ పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు. రెండు వారాలు కూడా నిలవలేదు. ఆ రెండు వారాల్లో అది ఎన్ని వార్తల్లోకి, ఎన్ని ఫార్వర్డ్‌లలోకి వెళ్ళిందో చెప్పక్కర్లేదు. పేపర్‌ని వెనక్కి తీసుకున్న వార్త మాత్రం ఎప్పుడూ అంత దూరం వెళ్ళదు.

అలాంటప్పుడు లైబ్రేరియన్ "ఆ పేపర్ తప్పు" అని పోస్ట్ పెట్టడం ఒక పద్ధతి. అందులో నాకు అభ్యంతరం లేదు, కానీ దానితో ఆగకూడదు. ఏ పేపర్ అయినా రిట్రాక్ట్ అయిందో లేదో, అంటే వెనక్కి తీసుకున్నారో లేదో, ఎవరైనా తెలుసుకునే దారి ఉంది, దాన్ని చూపించాలి. ఇద్దరు జర్నలిస్టులు 2010లో మొదలుపెట్టిన రిట్రాక్షన్ వాచ్ ఇలాంటి పేపర్లన్నిటినీ ఒక డేటాబేస్‌గా పోగు చేసింది. 2023లో, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ అనే సంస్థ దాన్ని కొని అందరికీ ఉచితంగా తెరిచింది. రిఫరెన్స్‌లు దాచుకోవడానికి జొటెరో వాడేవాళ్ళకైతే విడిగా వెతికే పని కూడా లేదు. అందులో దాచుకున్న పేపర్ రిట్రాక్ట్ అయితే 2019 నుంచి జొటెరోనే ఎర్రగా హెచ్చరిక చూపిస్తోంది. ఈ సంగతి తెలియని పీహెచ్‌డీ విద్యార్థులు ఎంతమందో! జొటెరో రోజూ వాడుతూ కూడా తెలియనివాళ్ళున్నారు. నిమిషం వీడియో చాలు దీనికి.

తీర్పు ఇవ్వడానికీ దారి చూపించడానికీ ఉన్న తేడా గురించి మా వృత్తిలో ఒక పెద్ద పాఠమే ఉంది. జెఫ్రీ బీల్ అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ డెన్వర్ క్యాంపస్‌లో లైబ్రేరియన్‌గా పనిచేశారు. డబ్బు తీసుకుని, సరైన సమీక్ష లేకుండా ఏది పంపినా అచ్చేసే జర్నల్స్‌ని ఆయన 2010లో 'ప్రిడేటరీ' అన్నారు. తన బ్లాగులో అలాంటి ప్రచురణకర్తల జాబితా పెడుతూ వచ్చారు. ఇవాళ ప్రపంచంలో ఏ యూనివర్సిటీలో అడిగినా ఆ మాట తెలుసు. పెద్ద సంస్థలు మాట్లాడడానికి వెనకాడిన విషయాన్ని ఒక లైబ్రేరియన్ తన బ్లాగులో, తన పేరుతో రాసి ప్రపంచం ముందు పెట్టారు. నాకు ఆ ధైర్యం మీద చాలా గౌరవం ఉంది.

కానీ ఆ జాబితా ఒక్క మనిషి తీర్పు. ఎవరిని ఎందుకు చేర్చారన్నది అన్నిసార్లూ స్పష్టంగా ఉండేది కాదని, పేద దేశాల చిన్న ప్రచురణకర్తలకి అన్యాయం జరిగిందని విమర్శలు వచ్చాయి. 2017 జనవరిలో ఆ బ్లాగు ఉన్నట్టుండి ఖాళీ అయిపోయింది. జాబితా మీదే ఆధారపడ్డవాళ్ళకి ఏం చేయాలో తోచలేదు. పాత కాపీలు పట్టుకుని ఏళ్ళ తరబడి వాటినే చూస్తూ కూర్చున్నవాళ్ళున్నారు. అదే 2015లో మొదలైన 'థింక్ చెక్ సబ్‌మిట్' చూడండి, అందులో పేర్లు ఉండవు, ప్రశ్నలుంటాయి. ఈ జర్నల్ మీకూ మీ తోటివాళ్ళకీ తెలుసా? ప్రచురణకర్త చిరునామా, ఫోను ఉన్నాయా? సమీక్ష ఎలా జరుగుతుందో రాశారా? ఫీజు ఎంతో ముందే చెప్పారా? ఈ ప్రశ్నలు అలవాటైన స్కాలర్‌కి రేపు పుట్టబోయే దొంగ జర్నల్‌ని కూడా పట్టుకోవడం వస్తుంది. స్వీడన్‌లో లుండ్ యూనివర్సిటీ లైబ్రరీ 2003లో 300 జర్నల్స్‌తో మొదలుపెట్టిన డోజ్ అనే ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ డైరెక్టరీ కూడా వీళ్ళకి తోడు. అందులోకి రావడానికి కావలసిన అర్హతలన్నీ బయటికే రాసి ఉంటాయి. కాబట్టి నా ఓటు బీల్ ధైర్యానికీ, థింక్ చెక్ సబ్‌మిట్ పద్ధతికీ కలిపి.

ఇక పేపర్ చదవడానికి డబ్బు అడిగే గోడ సంగతి. 2011 నుంచి ట్విట్టర్‌లో 'ఐ క్యాన్ హ్యాజ్ పీడీఎఫ్' అనే హ్యాష్‌ట్యాగ్ నడిచింది. కావలసిన పేపర్ వివరాలు, ఈమెయిల్ పెడితే, దానికి సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్ళెవరో పంపేవారు. పని అయిపోగానే ట్వీట్ తీసేసేవారు. మా వాళ్ళు కొందరు దీన్ని కాపీరైట్ ఉల్లంఘన అని కొట్టిపారేసి వదిలేశారు. ఉల్లంఘనే, నిజం. కానీ నాకు అందులో కనిపించింది వేరే. లైబ్రరీని అడిగితే పని అవుతుందన్న ఆలోచనే రాని పాఠకులు నడిరోడ్డు మీద నిలబడి అడుగుతున్నారు. వాళ్ళలో చాలామంది యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్ళే. అలాంటి చోటికి వెళ్ళి చట్టబద్ధమైన దారులు చెప్పడం మా పని. అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో పెట్టుకుంటే, పేపర్‌కి ఉచిత కాపీ ఎక్కడైనా అధికారికంగా ఉన్నప్పుడు పక్కన ఆకుపచ్చ తాళం కనిపిస్తుంది. అది 2017 నుంచి ఉంది. రచయిత తన యూనివర్సిటీ రిపాజిటరీలో, అంటే పరిశోధనల్ని ఆన్‌లైన్‌లో భద్రపరిచే చోట, పెట్టిన ప్రతి దొరకొచ్చు. ప్రీప్రింట్, అంటే సమీక్షకి ముందే రచయిత బయటపెట్టిన ప్రతి, దొరకొచ్చు. నేరుగా రచయితకి రెండు లైన్ల మెయిల్ రాస్తే చాలామంది సంతోషంగా పంపిస్తారు. తన పని ఎవరో చదవాలనుకుంటున్నారంటే ఎవరికి ఇష్టం ఉండదు? ఇవేవీ కాకపోతే అంతర్ గ్రంథాలయ సేవ ద్వారా ఇంకో లైబ్రరీ నుంచి తెప్పిస్తాం. ఈ వరసంతా లైబ్రేరియన్‌కి నోటికి వచ్చు. చదువుకునేవాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఇందులోనే ఇంకో సగం ఉంది. చదివేవాళ్ళకే కాదు, రాసేవాళ్ళకీ మేం చెప్పాలి. తమ పేపర్ ఏ ప్రతిని, ఎప్పుడు, ఎక్కడ ఉచితంగా పెట్టుకోవచ్చో చాలామంది అధ్యాపకులకి తెలియదు. తెలియక ప్రచురణకర్త అచ్చేసిన పీడీఎఫ్‌ని ఎక్కడపడితే అక్కడ పెట్టేవాళ్ళు కొందరు, భయపడి ఏదీ పెట్టనివాళ్ళు ఇంకొందరు. ప్రతి జర్నల్‌కి దీని మీద ఒక పాలసీ ఉంటుంది. ఒకప్పుడు షెర్పా రోమియోగా ఉన్న ఓపెన్ పాలసీ ఫైండర్ లాంటి చోట ఒక్క నిమిషంలో చూసుకోవచ్చు.

ప్రత్యేక సేకరణలు ఉన్న లైబ్రరీలు ఈ విషయంలో మాకంటే ముందున్నాయి. పాత పుస్తకాల బొమ్మలు, చేతిరాతలు చూడ్డానికి బావుంటాయి కాబట్టి వాళ్ళకి కొంచెం సులువు కూడా. న్యూయార్క్ అకాడమీ ఆఫ్ మెడిసిన్ లైబ్రరీ 2016లో మొదలుపెట్టిన 'కలర్ అవర్ కలెక్షన్స్' వారంలో లైబ్రరీలు తమ పాత బొమ్మలని రంగులు వేసుకునే పేజీలుగా ఇస్తాయి. అది మంచి పని, జనానికి నచ్చిన పని. నా మనసు మాత్రం అదే ఏడాది జనవరిలో మొదలైన ఇంకోదాని మీద ఉంది. వికీపీడియా 15వ పుట్టినరోజుకి 'వన్ లిబ్ వన్ రెఫ్' అని పిలుపు ఇచ్చారు. ఒక్కో లైబ్రేరియన్ వికీపీడియాలో ఆధారం లేని ఒక్క వాక్యానికి ఒక్క మూలం చేర్చాలి, అంతే. దిద్దుబాటు సారాంశంలో ఆ హ్యాష్‌ట్యాగ్ రాస్తారు. వికీపీడియాని తిట్టడం మానేసి దాన్ని బాగుచేయడం మొదలుపెట్టిన రోజు అది. విద్యార్థులు ముందు అక్కడికే వెళతారని మాకు తెలుసు. వాళ్ళు వెళ్ళే చోట మంచి మూలం ఉంచి వస్తే, అక్కడి నుంచి వాళ్ళే అసలు పేపర్ దాకా వస్తారు.

ఇంతవరకు చెప్పినదాని మీద వచ్చే అభ్యంతరాల్లో ఒకటి నాకు గట్టిదనిపిస్తుంది. ఈ వేదికలు మావి కావు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది. పరిశోధకులకి ట్విట్టర్ ఉచితంగా ఇచ్చిన ఏపీఐ యాక్సెస్, అంటే ట్వీట్ల డేటాని ప్రోగ్రాముల ద్వారా తీసుకునే వీలు, 2023లో ఆగిపోయింది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అంతటిది, ట్విట్టర్‌లోని బహిరంగ ట్వీట్లన్నీ భద్రపరుస్తామని 2010లో ప్రకటించి, 2018 జనవరి నుంచి ఎంపిక చేసినవి మాత్రమే అని సర్దుకుంది. భద్రపరచడమే పనిగా ఉన్న వృత్తి తన జవాబుల్ని అలాంటి చోట వదిలేయడం ఏమిటని అడిగితే, అడిగినవాళ్ళదే న్యాయం.

దానికి నా జవాబు: పోస్ట్ వాకిలి మాత్రమే, ఇల్లు మన దగ్గరే ఉండాలి. ప్రతి మంచి జవాబునీ ముందు లైబ్రరీ సొంత సైట్‌లో గైడ్‌గా రాసుకోవాలి. కాస్త పెద్దదైతే రిపాజిటరీలోనో, యూరప్ భౌతికశాస్త్ర పరిశోధనా సంస్థ సెర్న్ నడిపే జెనోడో రిపాజిటరీలోనో పెడితే డీఓఐ కూడా వస్తుంది. అంటే రేపు ఎవరైనా సైటేషన్ ఇవ్వొచ్చు. మార్పులకి అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ పెడితే ఇంకో లైబ్రరీ దాన్ని తన భాషలోకి, తన పాఠకులకి తగ్గట్టు మార్చుకోవచ్చు. సోషల్ మీడియాలో దాని సారం, లింకు వెళ్ళాలి. వేదిక మూతపడితే వాకిలి మారుతుంది, అంతే.

మిగతా అభ్యంతరాలు నన్ను అంతగా కదిలించవు. "విద్యార్థులు లైబ్రరీ పేజీలు చూడరు" అంటారు. నోటీసులు చూడరు, నిజమే. రేపు థీసిస్ సమర్పించాల్సినవాళ్ళు ప్లేజరిజం రిపోర్ట్‌ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే పోస్ట్‌ని చూడకుండా ఎందుకుంటారు? "లైబ్రేరియన్లు హుందాగా ఉండాలి" అనే మాటకైతే నాకు జవాబే అక్కర్లేదనిపిస్తుంది. తెలిసినదాన్ని నలుగురికీ చెప్పడం కంటే హుందా ఏముంది?

అసలు అడ్డంకి ఇంకోచోట ఉంది. ఒక లైబ్రరీలో పనిచేస్తున్నప్పుడు ప్రతి పోస్టుకీ పై నుంచి అనుమతి తీసుకోవాలన్న నియమం ఉండేది. పొద్దున తిరుగుతున్న తప్పుడు వార్తకి మధ్యాహ్నానికి పోస్ట్ రాసి పంపితే, అనుమతి వచ్చేసరికి ఆ వార్తని అందరూ మర్చిపోయేవారు. పోస్ట్ వెళ్ళినా లైబ్రరీ ముద్రతో, ఎవరు రాశారో తెలియకుండా వెళ్ళేది. ప్రశ్న అడగాలనిపించినవాళ్ళకి ఎవరిని అడగాలో తెలిసేది కాదు. సరదాగా రాసుకునే సొంత అకౌంట్లు వేరే. కానీ ఉద్యోగంలో భాగంగా రాసే జవాబు కింద రాసినవాళ్ళ పేరు, వాళ్ళు చూసే సబ్జెక్టు ఉండాలి. కెమిస్ట్రీ స్కాలర్లకి "మన కెమిస్ట్రీ లైబ్రేరియన్ ఈవిడ" అని తెలిస్తే, ఆ మరుసటి ప్రశ్న నేరుగా ఆవిడకి వస్తుంది. పొరపాటు దొర్లితే అదే పేరుతో సవరణ కూడా వస్తుంది. ముద్ర వెనక దాక్కున్న సంస్థలు సవరణలు ప్రకటించగా నేను పెద్దగా చూడలేదు.

పై అధికారులకి కావలసింది అదుపే అయితే, దానికి వేరే పద్ధతి ఉంది. ఏవి రాయకూడదో ముందే ఒక పేజీలో రాసిపెట్టుకోవచ్చు: పాఠకుల వివరాలు, యూనివర్సిటీ విధానాల మీద వ్యాఖ్యలు, వైద్య సలహా, సబ్‌స్క్రిప్షన్ పీడీఎఫ్‌లు. ఆ హద్దుల్లో ఉన్నంతవరకు ముందస్తు అనుమతి అక్కర్లేకుండా, వేరే సహోద్యోగి ఒకరు చదివితే చాలని పెట్టుకోవచ్చు. సాటివాళ్ళ కంట పడితే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

ఇక ఈ పనికి సమయం. ఇప్పుడు చాలా చోట్ల ఇది డ్యూటీ అయ్యాక మిగిలిన ఓపికతో చేసే పని. పదోన్నతి ఫారంలో దీనికి గడి లేదు. ఒక వర్క్‌షాప్‌కి పది మంది వచ్చినా అది లెక్కలోకి వస్తుంది, వేల మంది దాచుకున్న గైడ్ రాదు. దీన్ని రిఫరెన్స్ సేవలో భాగంగా డ్యూటీ చార్ట్‌లో రాసి, వారంలో ఇన్ని గంటలు అని కేటాయించాలి. అప్పుడు "ఎన్ని లైకులు వచ్చాయి" అని అడక్కుండా అడగాల్సినవి అడగొచ్చు. ఏ గైడ్‌ని ఎంతమంది డౌన్‌లోడ్ చేశారు? ఎన్ని డిపార్ట్‌మెంట్లు దాన్ని తమ కోర్సు పేజీలో లింక్ చేశాయి? పోస్ట్ పెట్టాక అదే ప్రశ్న డెస్క్ దగ్గరికి రావడం తగ్గిందా, దాని స్థానంలో ఇంకా లోతైన ప్రశ్న వచ్చిందా? ఆఖరి రెండింటికీ సాఫ్ట్‌వేర్ లెక్క చెప్పదు. డెస్క్‌లో కూర్చునేవాళ్ళు రోజూ వచ్చే ప్రశ్నలని నాలుగు మాటల్లో రాసిపెట్టుకుంటేనే తెలుస్తుంది. ఆ పుస్తకం చూసే రేపటి పోస్ట్ ఏమిటో కూడా నిర్ణయించుకోవచ్చు.